ముందు సున్నా చూపించు

మిర్చి యార్డులో కాటా దగ్గర పన్నెండేళ్లు నాకు.
టిక్కీ కిందికి దించకముందే
కూలీ మెడ నరం చూసి చెప్పేస్తాను
నలభై రెండో, నలభై అయిదో.
అలాంటివాడికి ఆదివారం పూట
జ్ఞానానందం అయ్యగారు చెప్పారు,
దేవుడి ముందు పాపాలన్నీ ఒకటే బరువని.
విమానంలోంచి చూసేవాడికి
పుట్టా గుట్టా ఒకటే కదా అన్నారు.
సంఘమంతా ఆమెన్ అంది.
నేనూ అన్నాను, కొంచెం ఆలస్యంగా.

బైపాసు వంతెన మీంచి చూస్తే
గుంటూరు యార్డు కూడా ఒకటే ఎరుపు.
దిగి రా.
ఇది తేజ, గోరు తగిలితే కంట్లో నిప్పు.
ఇది బాడిగ, రంగే గాని కారం లేదు.
ఇది తాలు, వాన తిన్న కాయ,
తన తప్పేమీ లేకుండానే తెల్లబోయింది.
పైనున్నవాడికి తేడా తెలీదంటే, సరే.
మరి ఆయన దిగివచ్చాడనే కదా
డిసెంబరంతా మనం ఇళ్లమీద నక్షత్రాలు కట్టేది?
దిగివచ్చినవాడు
ఒక్క కాయైనా తుంచి చూడకుండా పోతాడా?

అయ్యగారిది అబద్ధం అనను.
ఆయన కాటా ఎక్కితే సరితూగేవాడెవడు మనలో?
ఆ లెక్కన అందరం ఒకటే.
కానీ ఆ మాట
ఎవరికి హాయిగా ఉందో చూశాను ఆ రోజు.
నాకు హాయిగా ఉంది.

టిక్కీ కాటా మీద పెట్టగానే
జారకుండా నా మోకాలు ఆనిస్తాను.
చూసేవాళ్లకది సాయంలా ఉంటుంది.
రైతుకి పావుకిలో పోతుంది.
పావుకిలో అంటే ఎంత, నాలుగు గుప్పిళ్లు.
సీజన్లో రోజుకి ఆరొందల టిక్కీలు.
గుణించడం వచ్చు నాకు,
గుణించలేదు.

పోయిన జూన్‌లో సంఘం కమిటీ కూర్చుంది.
కెజియా, సంగడిగుంట పిల్ల,
కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీస్తుంది.
పెళ్లి కాకుండా కడుపు.
ఏడాదిపాటు ప్రభువు బల్లకి దూరం అని రాశారు.
అయిదు సంతకాల్లో రెండోది ప్రభుదాసుగారిది,
ఆడకూలీల డబ్బు మూడు వారాలు ఆపి
వడ్డీకి తిప్పుకునే మనిషి.
మూడోది నాది.
ఆ కడుపుకి తండ్రెవరని
ఎవరమూ అడగలేదు.

అన్నీ ఒకటే అయితే
ఆ గదిలోకి కాటా ఎవరు తెచ్చినట్టు?
ఒకటి కాకపోతే
ఆ కాటా సరిచూసి ముద్ర వేసిందెవరు?

మా అమ్మ రూతమ్మకి అక్షరం రాదు.
విషయం విని, చాట కింద పెట్టి అంది,
“పాపం బరువు చేసినోడి చేతిలో కాదురా చూడాల్సింది,
మోసినోడి మెడ మీద.”
అని మళ్లీ బియ్యం చెరుక్కుంది.

నెల మొదటి ఆదివారం.
చిన్న గ్లాసుల ట్రే పట్టుకుని వరసలు దాటుతున్నాను.
చివరి బెంచీలో కెజియా.
పెరుగు రాసినా చల్లారని వేళ్లు గాల్లో ఉంచి
బిడ్డని మోచేతులతో అదుముకుంది,
కారం తగలకుండా.
ఆ కాయలు నా కాటా మీంచి వెళ్లినవే.

అరగుక్కెడు ద్రాక్షరసం.
కాటా మీద పెడితే అంకె కూడా కదలదు.
ఆమె ముందు నుంచి దాన్ని దాటించేసరికి
నా భుజం లాగేసింది.
ఆమె అడగలేదు.
బిడ్డ మాత్రం మెరిసే గ్లాసుల వైపు
చెయ్యి చాపాడు.

సోమవారం పొద్దున్నే
పిడుగురాళ్ల వైపు నుంచి ఒక ముసలి రైతు.
లారీ తాడు విప్పనివ్వలేదు.
“అబ్బాయా, ముందు సున్నా చూపించు.”

చొక్కా చేత్తో అద్దం తుడిచాను.
ఖాళీ కాటా.
ఎర్రటి అంకెలు, వాటి ముందు
ఒక చిన్న అడ్డగీత.
ముసలాయన గీత వంక చూశాడు,
తర్వాత నా వంక.

ఊదాను, దుమ్ము దులిపాను,
మీట నొక్కాను.
తర్వాత వెనక్కి జరిగి నిలబడ్డాను,
మోకాలు కూడా అందనంత దూరంగా.